కృతమెరుగుటయే కృతజ్ఞత

కృతజ్ఞత అను పదమును పాఠశాలలో ప్రతి సంవత్సరము బోధించుచుందును. కృతము అనగా చేయబడినది. జ్ఞుడు అనగా ఎరిగినవాడు. ఒరులు తనకు చేసిన మేలును ఎరిగినవాడు కృతజ్ఞుడు. ఆ మేలును చంపినవాడు కృతఘ్నుడు. ఈ ఇరువురి నడుమ మూడవవాడొకడు కలడు. వాడు మేలును చంపడు, ఎరుగడు కూడ. మేలు జరుగుచున్న సంగతియే వానికి తెలియదు. మన గృహములలో కృతఘ్నులు అరుదు. ఈ మూడవవారు మాత్రము మెండు. నేనును చిరకాలము వారిలో ఒకడనై యుంటిని.

మా ఊరిలో కుళాయి నీరు దినము విడిచి దినము తెల్లవారుజామున 4 గంటలకు వచ్చును. కొన్నేండ్ల క్రిందట మా అత్తగారికి జబ్బు చేయగా నా భార్య పుట్టింటికి వెళ్లి నెలదినములు ఉండవలసి వచ్చెను. ఆమె వెళ్లిన మరునాడు నేను ఎప్పటివలె 6 గంటలకు లేచితిని. తొట్టి అడుగున మిగిలిన నీరు స్నానమునకు సరిపోయెను. ఇష్టలింగ మజ్జనమునకై బిందె వంచగా అందులో చుక్క లేదు. చెంబు పట్టుకొని పొరుగింటికి వెళ్లితిని. ఆ ఇంటి వృద్ధురాలు చెంబెడు నీరిచ్చుచు, "నీళ్లు వచ్చి పోయినాయి గదా సారూ, మీరు పట్టుకోలేదా?" అని అడిగెను.

ఆ ప్రశ్నకు నా యొద్ద సమాధానము లేకపోయెను. పాతికేండ్లుగా నేను చేసిన మజ్జనమంతయు మరియొకరు నిద్ర మాని తెచ్చిన నీటితో జరిగినది. పూజ నాదని తలచితిని. ఆ నీటి వెనుకనున్న చేతులను ఒక్కనాడును తలచియుండలేదు.

ఆ నెలయంతయు నీరు వచ్చు దినములలో 4 గంటలకు లేచితిని. అప్పుడు మరియొక సంగతి కనబడెను. నాకంటె ముందే లేచి, చీకటిలో వీధి చివర వాల్వు తిప్పి నీరు వదలువాడొకడు కలడు. అతని పేరు తెలిసికొనుటకు నాకు అంతకాలము పట్టెను.

నా భార్య తిరిగి వచ్చిన పిమ్మట, "ఇన్నేండ్లలో ఒక్కనాడైనా నన్ను లేపలేదేమి?" అని అడిగితిని. "పొద్దున్నే బడికి పోయేవారు, నిద్ర చెడుతుందని లేపలేదు" అని మాత్రము చెప్పి ఆమె వంటింటిలోనికి పోయెను.

మన షట్‌స్థలములలో భక్త, మహేశ స్థలముల పిమ్మట వచ్చునది ప్రసాది స్థలము. ప్రసాది అనగా పళ్లెములో పెట్టినది భుజించువాడు మాత్రమే కాడు. తనకు లభించినదంతయు శివుని అనుగ్రహముగా స్వీకరించువాడు. అయితే ఆ అనుగ్రహము ఆకాశమునుండి పళ్లెములో పడదు. దున్నినవాని చేతినుండి, మోసినవాని భుజమునుండి, వండినవారి పొయ్యినుండి మన యొద్దకు వచ్చును. శివునికి అర్పించుచు ఈ చేతులను మరచినచో ఆ అర్పణము సగమే యగును.

12వ శతాబ్దమున కల్యాణమునందలి శరణులు ఈ సత్యమును ఆచరించి చూపిరి. మడివాళ మాచయ్య బట్టలుతికెను. అంబిగర చౌడయ్య పడవ నడిపెను. నులియ చందయ్య తాళ్లు పేనెను. వారి కాయకము వారి పేర్లకు ముందు నిలిచి నేటికిని గౌరవింపబడుచున్నది. "ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటినాక బోడి మల్లయ్య" అనునది లోకరీతి. శరణుల సంఘమున పడవ నడిపినవాడు ఏరు దాటిన పిమ్మటను శరణుడే.

కొందరు "కూలి ఇచ్చితిమి గదా, ఋణము తీరినది" అందురు. కూలి పనికి వెల. పనిచేసినవాని యెడల చూపవలసిన గౌరవమునకు అది బదులు కాదు. మరికొందరు "ఇంటివారికి కృతజ్ఞతలు చెప్పుట పరాయితనము కాదా?" అని అడుగుదురు. నిజమే. మన ఇండ్లలో తల్లికి, భార్యకు, కోడలికి ధన్యవాదములు పలుకు వాడుక లేదు. లేకపోయినను లోపము లేదు. మాట లేనిచోట చేయి కదలవలెను. మాటయు లేక, చేయియు కదలక యున్నచో అది ఆత్మీయత కాదు, ఎరుగమి.

కనుక ప్రతి గృహమునను ఈ మూడు నియమములను పాటింపవచ్చును. మొదటిది: భోజనమునకు ముందు అర్పించునపుడు, ఆ అన్నము వెనుకనున్న ఒక మనిషినైనను మనసులో తలచుట. రెండవది: పిల్లలు, పురుషులు సైతము తమ పళ్లెము తామే తీసి కడుగుట, ఇంటిలో ఎవరికిని తెలియక జరిగిపోవు పనిని ఒకదానిని పంచుకొనుట. మూడవది: మఠమున దాసోహము జరిగినపుడు, వండినవారిని, అంట్లు తోమువారిని పంక్తిలో కూర్చుండబెట్టి మనము వడ్డించుట.

ఇప్పుడు మా ఇంట 4 గంటలకు లేచుట నా వంతు. ఒక్కొక్కనాడు నాకు మెలకువ రాదు. ఆమెయే లేచి బిందెలు నింపును. ఆనాడు మజ్జనము చేయునపుడు చేతిలోని చెంబు బరువుగా తోచును. ఆ బరువు తెలియుటయే ఈ పాఠము.

శరణు శరణార్థి.