చేతబడి అనుమానం – పాత పుస్తకం, కొత్త హత్యలు

(హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.ఏ. చరిత్ర)

అచ్చు యంత్రం వచ్చాక యూరప్‌లో విజ్ఞానం పెరిగిందని మనం పరీక్షల్లో రాస్తాం. అది నిజమే. కానీ అదే అచ్చు యంత్రం ఒక ప్రమాదకరమైన పుస్తకాన్ని కూడా ఊరూరా చేర్చింది. దాని పేరు 'మల్లెయస్ మలెఫికారమ్', అంటే 'మంత్రగత్తెల పాలిటి సుత్తి'. హైన్రిక్ క్రామర్ అనే జర్మన్ మతాధికారి రాసిన ఈ పుస్తకం 1486లో ముద్రణకు వచ్చింది. అంతకుముందు ఏడాది ఇన్స్‌బ్రుక్ నగరంలో అతడు నడిపిన విచారణ తీరు నచ్చక అక్కడి బిషప్ అతణ్ణి వెళ్లిపొమ్మన్నాడు. తన వాదనే సరైనదని నిరూపించుకోవడానికి క్రామర్ కలం పట్టాడు.

పుస్తకంలో మూడు భాగాలున్నాయి. మంత్రగత్తెలు ఉన్నారని మొదటిది, వారు ఏమేం చేస్తారో రెండవది, వారిని ఎలా విచారించాలో మూడవది చెబుతాయి. అసలు ఉచ్చు మూడవ భాగంలో ఉంది. హింసకు తట్టుకోలేక ఒప్పుకుంటే నేరం రుజువైనట్టే. తట్టుకుని నోరు విప్పకపోతే సైతాను సాయం చేస్తున్నట్టు. కన్నీరు రాకపోతే అదీ ఒక గుర్తే. ఏ జవాబు చెప్పినా తప్పించుకునే దారి లేదు.

ఈ ఒక్క పుస్తకమే అన్నిటికీ కారణం కాదు. కరువులు, రోగాలు, మత కలహాలు కూడా తోడయ్యాయి. 15 నుంచి 18వ శతాబ్దం వరకు యూరప్‌లో సుమారు 40 వేల నుంచి 60 వేల మందికి మరణశిక్ష పడిందని చరిత్రకారుల అంచనా. వారిలో నాలుగింట మూడు వంతుల మంది స్త్రీలు. 1631లో ఫ్రెడ్రిక్ స్పే అనే మతగురువు తన పేరు వేసుకోకుండా ఒక పుస్తకం ప్రచురించాడు. హింస పెడితే ఎవరైనా ఒప్పుకుంటారు, అది రుజువెలా అవుతుందని అందులో ప్రశ్నించాడు.

మిత్రులారా! ఇది ఎక్కడో జరిగిన కథ అనుకోకండి. మన తెలంగాణ పల్లెల్లో బాణామతి, చేతబడి అనే మాటలు వినని వారుండరు. ఇక్కడ పుస్తకం లేదు గానీ పద్ధతి అదే. పిల్లవాడికి జ్వరం తగ్గదు, బర్రె పాలివ్వదు, ఇంట్లో ఒకరు చనిపోతారు. మంత్రగాడి దగ్గరికి పోతే "మీ దగ్గరివాళ్లే చేశారు" అంటాడు. అప్పటికే భూమి తగాదా ఉన్నవారి మీదికో, దిక్కులేని ముసలమ్మ మీదికో అనుమానం పోతుంది. మంత్రం సరిగా పలకకుండా చేయాలని అనుమానితుల పళ్లు పీకిన సంఘటనలు కూడా మన దగ్గర జరిగాయి.

హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైంది 1998లో. అక్కడి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద సుమారు గంట ప్రయాణం శామీర్‌పేట. ఆ ప్రాంతంలోని అద్రాస్‌పల్లిలో 2019 సెప్టెంబరులో ఒక మహిళ అనారోగ్యంతో చనిపోతే, చేతబడి చేశాడనే అనుమానంతో ఒక యువకుణ్ణి ఆమె చితి మీదే తగలబెట్టారు. 2020 నవంబరులో జగిత్యాల జిల్లా బల్వంతాపూర్‌లో ఇదే అనుమానంతో సొంత బంధువులే ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరును గదిలో పెట్టి నిప్పంటించారు. 2022 జనవరిలో జగిత్యాలలో కుల సంఘం సమావేశంలోనే తండ్రినీ ఇద్దరు కొడుకులనూ చంపారు. కాబట్టి కంప్యూటర్లు వస్తే, ఉద్యోగాలు వస్తే మూఢనమ్మకం దానంతటదే పోదు.

మూఢనమ్మకాల మీద పోరాడిన డాక్టర్ నరేంద్ర దభోల్కర్‌ను 2013 ఆగస్టులో పుణెలో కాల్చి చంపారు. ఆ ఏడాదే మహారాష్ట్ర, 2017లో కర్ణాటక ప్రత్యేక చట్టాలు చేశాయి. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుని ప్రాథమిక విధి అని మన రాజ్యాంగంలోని 51ఎ అధికరణం చెబుతోంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మనలో చాలామంది ఇళ్లలో ఉత్తరం చదివేది, ఆసుపత్రి చీటీ చదివేది మనమే. అందుకే సెలవులకు పోయినప్పుడు మన మాటకు విలువ ఉంటుంది. ఎవరికైనా జబ్బు చేస్తే ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోదాం. ఎవరి పేరైనా బయటికి వస్తే "ఎవరు చూశారు? రుజువేమిటి?" అని అడుగుదాం. ఆ పేరును మాత్రం మరో ఇంటికి మోయవద్దు. ఊరు గుమిగూడుతోందని తెలిస్తే ఆలస్యం చేయకుండా 100కు ఫోన్ చేద్దాం. స్పే అడిగిన ప్రశ్న మన ఇంట్లో మనం అడగగలిగితే, ఒక ప్రాణం నిలుస్తుంది. మన చదువుకు అంతకన్నా సార్థకత ఏముంటుంది?