తెర ముందు గురువు

తరగతి గదిలో అడుగుపెట్టిన ఉపాధ్యాయుడు పాఠం ప్రారంభించక ముందే విద్యార్థుల ముఖాలను చదువుతాడు. అర్థమైన వారి కళ్ళలో వెలుగు కనబడుతుంది. అర్థం కాని వారి నొసట ముడి పడుతుంది. దానిని బట్టి బోధనావేగాన్ని తగ్గించడం, ఉదాహరణను మార్చడం, మళ్ళీ నల్లబల్ల వద్దకు వెళ్ళడం అనుభవజ్ఞులకు అలవాటైన విద్య.

2020 మార్చిలో కోవిడ్ కారణంగా దేశమంతటా పాఠశాలలు మూతపడినప్పుడు ఈ విద్యకు కఠినపరీక్ష ఎదురైంది. సుద్దముక్కను పట్టిన చేయి సెల్‌ఫోన్‌ను పట్టవలసి వచ్చింది. తెరపై విద్యార్థులు చిన్నచిన్న గడులుగా మారిపోయారు. ఆ గడులలో కొన్ని చీకటిగానే ఉండిపోయాయి. దీర్ఘానుభవం గల ఉపాధ్యాయులకు సైతం తమ మాట ఎవరికి చేరుతున్నదో తెలియలేదు.

దూరం నుండి బోధించడం మన దేశానికి కొత్త కాదు. 1975-76లో జరిగిన ఉపగ్రహ విద్యా టెలివిజన్ ప్రయోగం ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలను అందించింది. 1982లో హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలసింది. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ఛానళ్ళ ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. అయితే ప్రసార పాఠం ముందుగా సిద్ధమై వస్తుంది. ఆన్‌లైన్ తరగతిలో మాత్రం ప్రతి ఉపాధ్యాయుడూ తానే స్వయంగా తెర ముందు నిలవాలి.

ఇందుకు శిక్షణ అవసరం. 2019లో ముఖాముఖిగా ఆరంభమైన ‘నిష్ఠ’ శిక్షణ, 2020 అక్టోబరు నుండి ‘దీక్ష’ వేదిక ద్వారా ఆన్‌లైన్‌లో సాగింది. దానివల్ల ఉపాధ్యాయులు తామే ఆన్‌లైన్ విద్యార్థులై, తెర ముందు కూర్చున్నవారి ఇబ్బందిని గ్రహించే అవకాశం కలిగింది.

ఏ మీట నొక్కాలో చెప్పినంత మాత్రాన శిక్షణ పూర్తి కాదు. ఉపాధ్యాయునికి గల అనుభవాన్ని కొత్త పద్ధతిలోకి మలచుకొనే మార్గం చూపాలి. నలభై నిమిషాల ఉపన్యాసాన్ని చిన్న భాగాలుగా విడదీసి, ప్రతి భాగం చివర ఒక ప్రశ్న వేయించాలి. ముఖాలు కనబడని లోటును ఆ జవాబులు కొంత తీరుస్తాయి. మొదటి పాఠాన్ని విద్యార్థులకు కాక, తోటి ఉపాధ్యాయులకు చెప్పించడం మేలు. అక్కడ తడబడినా సంకోచం ఉండదు. సాంకేతికత తెలిసిన యువ ఉపాధ్యాయునితో, విషయంలో పండిన సీనియర్‌ను జతపరిస్తే ఇద్దరూ లాభపడతారు.

ఆన్‌లైన్ బోధనకు హద్దులు కూడా ఉన్నాయి. 2020 జూలైలో కేంద్రం వెలువరించిన ‘ప్రజ్ఞత’ మార్గదర్శకాలు ఎనిమిదవ తరగతి వరకు రోజుకు 30 నుండి 45 నిమిషాల తరగతులు రెండింటికి మించరాదని సూచించాయి. ఇంట్లో ఒకే ఫోను ఉండి, దానిని తండ్రి పనికి తీసుకొనిపోతే ఆ బిడ్డకు ఎంత గొప్ప పాఠమైనా అందదు. అటువంటి విద్యార్థిని గుర్తించి, పాఠాన్ని మరొక మార్గంలో చేరవేయడం కూడా ఉపాధ్యాయ ధర్మమే. ఈ ధర్మాన్ని యంత్రం నేర్పదు. గురువు తన వెంట తెచ్చుకోవలసిందే.

సాధనాలు ఎన్నిసార్లు మారినా, నేర్పేవానికి నేర్చుకొనే గుణం ఉన్నంతకాలం విద్యకు లోటు రాదు.

ప్రశ్నలు
1. ఆన్‌లైన్ బోధనలో ఉపాధ్యాయులు ఎదుర్కొన్న ఇబ్బందులను వివరించండి.
2. అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులకు ఎటువంటి శిక్షణ ఇవ్వాలి?