కేకు మీది బొమ్మకు గట్టి పీట

శ్రీ విజయపురం (పూర్వపు పోర్ట్ బ్లెయిర్)లో పదవీ విరమణ కేకుపై పడౌక్ కొయ్య పడవ పెట్టాలనుకుంటే, ముందు పీట సిద్ధం చేసుకోండి. ఇక్కడి ఉక్కకు క్రీము త్వరగా మెత్తబడుతుంది. బరువు దానిపై పడకూడదు.

పడవ అడుగుకన్నా కాస్త వెడల్పుగా గట్టి అట్ట బిళ్ల కత్తిరించి, బటర్ పేపర్ చుట్టండి. రెండువైపులా అంటుకునే టేపుతో పడవను దానికి అతికించండి. లావుపాటి స్ట్రాలు నాలుగు, కేకు ఎత్తుకు సమంగా కోయండి. బిళ్ల అంచుకు లోపలగా, కేకు కింది అట్టను తాకేదాకా నిలువుగా గుచ్చి, బిళ్లను వాటిపై ఉంచండి. బరువు స్ట్రాల మీదుగా కింది అట్టకు చేరుతుంది.

టూత్‌పిక్‌లు వద్దు, ముక్కలో ఉండిపోతే పిల్లల గొంతుకు ప్రమాదం. కోసే ముందు బిళ్లతో సహా పడవను ఎత్తేసి, స్ట్రాలు లెక్కపెట్టి తీయండి. సాయంత్రం క్యాష్ టాలీ అయినట్టే, నాలుగుకు నాలుగూ చేతికొచ్చాకే కేకు పంచాలి.