గిరిపూజ – బడిలో పండుగ

పెదబయలు మన్యమున గిరిజనులు చైత్రమాసమున ఇటుకల పండుగ జరుపుకొందురు. విత్తనములను పూజింతురు, థింసా ఆడుదురు. ప్రాథమిక పాఠశాలలో ఉగాది, సంక్రాంతులతోపాటు దీనికిని తావుండవలెనా? భాగవత దశమస్కంధమున సమాధానము కలదు.

ఇంద్రయాగమునకు పూనుకొనిన నందునితో శ్రీకృష్ణుడు, తాము అడవులలో, కొండలలో వసించువారమనియు, తమకు జీవనాధారములగు గోవులను, గిరిని అర్చించుట యుక్తమనియు పలికెను. గోవర్ధనమెత్తిన నాటికి స్వామికి ఏడేండ్లు. అది నేటి రెండవ తరగతి బాలుని ప్రాయము.

కావున ఉపాధ్యాయుడు ఆనాడు ఊరి పెద్దలను బడికి పిలిచి, చోడి, సామ విత్తుల పేర్లను వారి భాషలోనే పిల్లలకు చెప్పించిన చాలును. తన పండుగను దాచుకొను బిడ్డకు బడి పరాయిదగును. తన కొండకు మన్నన దొరకిన బిడ్డ ఎల్లరి పండుగలను మన్నించును.