రేకుడబ్బాలో ఆంప్లిఫయర్ – చెక్కపెట్టెలో స్పీకరు

ఇయర్‌ఫోను చెవిలో పెట్టుకుంటే పాట చక్కగా వినిపిస్తుంది. ఆ తీగలనే అరచేతి వెడల్పున్న స్పీకరుకు కలిపి చూడండి. దోమ రొదలాంటి సన్నని ధ్వని తప్ప మరేమీ రాదు. ఎందుకని? ఇయర్‌ఫోనులోని చిన్న పొర కదలడానికి వాటులో వెయ్యోవంతు శక్తి చాలు. గది అంతా వినిపించాలంటే అంతకు కొన్ని వందల రెట్లు కావాలి. ఆ శక్తిని అందించే సాధనమే ఆంప్లిఫయర్.

దీన్ని మీరే తయారు చేసుకోవచ్చు. కాని మొదటిసారి చేసినవారు స్విచ్చి వేయగానే గుయ్‌మనే మోతో, కీచుమనే కూతో విని, అది పాడైందనుకొని పక్కన పడేస్తుంటారు. చాలాసార్లు సర్క్యూట్ బాగానే ఉంటుంది. లోపమంతా పెట్టెలోనూ, తీగలు నడిపిన తీరులోనూ ఉంటుంది. అందుకే ఈ పాఠంలో సర్క్యూట్‌తోపాటు పెట్టె గురించి కూడా తెలుసుకుందాం.

శక్తి ఎక్కడిది?

చెరువు తూము తలుపు కాస్త ఎత్తగానే కాలువలో నీరు ఉరకలు వేస్తుంది. ఆ బలం చెరువు నీటిది, తలుపు ఎత్తిన చేతిది కాదు. ఆంప్లిఫయర్‌లో చెరువు బ్యాటరీ, తలుపు ట్రాన్సిస్టర్, చెయ్యి పాట సంకేతం. సంకేతం ఎలా ఆడిస్తే బ్యాటరీ శక్తి అలా స్పీకరులోకి ప్రవహిస్తుంది.

ట్రాన్సిస్టర్ 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పుట్టింది. 1958లో జాక్ కిల్బీ ఒక సర్క్యూట్ మొత్తాన్ని ఒకే అర్ధవాహకపు ముక్కలో ఇమిడ్చి చూపాడు. అదే ఐసి. మనం వాడబోయే ఎల్.ఎం. 386 అలాంటిదే. లోపలికి వచ్చిన సంకేతపు వోల్టేజిని అది 20 రెట్లు చేస్తుంది. 0.1 వోల్టు ఇస్తే 2 వోల్టులు వస్తాయి. 8 ఓముల స్పీకరులో అది అర వాటు. గదికి ఇది చాలు.

కావలసిన వస్తువులు

ఎల్.ఎం. 386 ఐసి, దానికి 8 కాళ్ళ సాకెట్, 10 కిలోఓముల వాల్యూమ్ కంట్రోల్, 220 మైక్రోఫారడ్ల, 16 వోల్టుల కెపాసిటర్లు రెండు, 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి, 10 ఓముల రెసిస్టర్ ఒకటి, 8 ఓముల స్పీకరు, స్విచ్చి, షీల్డెడ్ వైరు, రంధ్రాల బోర్డు, పెన్సిల్ సెల్సు ఆరు, వాటి హోల్డరు.

చిన్న 9 వోల్టుల బ్యాటరీకన్నా ఆరు పెన్సిల్ సెల్సే మేలు. చిన్న బ్యాటరీలో అంతర్నిరోధం ఎక్కువ. పాట పెద్దదైనప్పుడల్లా దాని వోల్టేజి పడిపోయి ధ్వని బొంగురుపోతుంది.

కూర్పు

ఐసి మీద ఒకవైపు చిన్న గంటు ఉంటుంది. గంటు పైకి ఉండేలా పట్టుకుంటే ఎడమవైపు పై నుంచి కిందికి 1, 2, 3, 4 కాళ్ళు. కుడివైపు కింది నుంచి పైకి 5, 6, 7, 8.

1. 2, 4 కాళ్ళను బ్యాటరీ మైనస్‌కు కలపండి. ఇదే మన గ్రౌండ్.
2. బ్యాటరీ ప్లస్‌ను స్విచ్చి ద్వారా 6వ కాలికి కలపండి. 6వ కాలికి, గ్రౌండ్‌కు మధ్య ఒక 220 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంచండి. దాని ప్లస్ 6వ కాలివైపు ఉండాలి.
3. రేడియో లేదా ఫోను ఇయర్‌ఫోను పిన్నులో ఎడమ చెవి తీగను వాల్యూమ్ కంట్రోల్ ఒక చివరకు, పిన్ను గ్రౌండ్ తీగను రెండో చివరకు కలపండి. రెండో చివర గ్రౌండ్‌కూ, మధ్య కాలు 3వ కాలికీ పోవాలి.
4. రెండో 220 కెపాసిటర్ ప్లస్‌ను 5వ కాలికి, మైనస్‌ను స్పీకరుకు, స్పీకరు రెండో తీగను గ్రౌండ్‌కు కలపండి.
5. 0.047 కెపాసిటర్‌ను, 10 ఓముల రెసిస్టర్‌ను వరుసగా అతికి 5వ కాలికి, గ్రౌండ్‌కు మధ్య ఉంచండి. ఐసి తనంతట తాను కంపించకుండా ఇవి ఆపుతాయి.

1, 7, 8 కాళ్ళు ఖాళీగా ఉండనివ్వండి. టంకం వేడి తగలకుండా ఐసిని చివరగా సాకెట్‌లో గుచ్చండి.

స్పీకరు ముందు కెపాసిటర్ ఎందుకు? పాట లేకపోయినా 5వ కాలిమీద బ్యాటరీలో సగం, అంటే సుమారు 4.5 వోల్టులు ఉంటాయి. కెపాసిటర్ ఆ నిలకడ వోల్టేజిని ఆపి, మారే సంకేతాన్ని మాత్రమే పోనిస్తుంది.

రేకుడబ్బా ఎందుకు?

బోర్డును బల్లమీదే ఉంచి 3వ కాలి తీగను వేలితో తాకండి. సాధారణంగా గుయ్‌మనే మోత వస్తుంది. ఇంటి గోడల్లోని కరెంటు తీగల్లో విద్యుత్తు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ఆ ఊపును మీ శరీరం అందుకొని ఐసికి ఇస్తోంది. పొడవాటి తీగ ఉన్నా ఇదే జరుగుతుంది.

1836లో మైకేల్ ఫారడే లోహపు రేకు తొడిగిన గదిని కట్టి, బయటి విద్యుత్ ప్రభావం లోపలికి రాదని చూపాడు. మన బిస్కట్ల డబ్బా అలాంటి చిన్న గదే. లోపలివైపు ఒకచోట రంగు గీకి, డబ్బాను గ్రౌండ్‌కు కలపండి. ఇది మరిస్తే డబ్బా ఉన్నా ప్రయోజనం తక్కువ. బోర్డు కింద మందపాటి అట్ట వేయండి. లేకపోతే టంకం చుక్కలు రేకుకు తగిలి షార్టవుతుంది.

సభల్లో మైకు స్పీకరుకు దగ్గరైతే కీచుమనడం విన్నారుగా! డబ్బాలోనూ అంతే. బయటికి పోయే సంకేతంలో కొంత లోపలికి వచ్చే తీగలో చేరితే మళ్ళీ 20 రెట్లవుతుంది. అలా తిరిగి తిరిగి కూతగా మారవచ్చు. అందుకే పాట పిన్ను తీగ డబ్బాకు ఒక చివర, స్పీకరు తీగ రెండో చివర ఉండాలి. పాట తీగ షీల్డెడ్ వైరై ఉండాలి.

చెక్కపెట్టె ఎందుకు?

స్పీకరును రేకుడబ్బాకే బిగించవద్దు. రేకు తానే అదిరి గలగలలాడుతుంది. విడి స్పీకరు కూడా పీలగానే పలుకుతుంది. ఒక పెద్ద అట్టముక్కలో స్పీకరు అట్ట వెడల్పున గుండ్రని రంధ్రం కోసి, దాని వెనుక స్పీకరును అదిమిపెట్టి వినండి. మంద్రస్వరాలు ఒక్కసారిగా నిండుగా వస్తాయి. స్పీకరు ముందుకు కదిలినప్పుడు ముందు గాలి నొక్కుకుంటుంది, వెనుక గాలి పలచబడుతుంది. అడ్డు లేకపోతే రెండూ కలిసి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. చెక్కపెట్టె ఆ రెంటినీ వేరుచేస్తుంది.

జాగ్రత్తలు

ఇంటి కరెంటును దీనికి ఎన్నడూ కలపవద్దు. రేకులో రంధ్రాలు వేసేటప్పుడు, టంకం వేసేటప్పుడు పెద్దలను దగ్గర ఉంచుకోండి. రేకు అంచులను ఆకురాయితో నున్నగా చేయండి. టంకం పని అయ్యాక చేతులు కడుక్కోండి.

ఆలోచించండి

1, 8 కాళ్ళ మధ్య 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెడితే వృద్ధి 20 నుంచి 200 రెట్లకు పెరుగుతుంది. అప్పుడు 0.1 వోల్టు సంకేతం 20 వోల్టులు కావాలి. మన బ్యాటరీ 9 వోల్టులే. మరి పాట ఏమవుతుంది? చెరువులో లేని నీటిని తూము ఇవ్వగలదా? చేసి, విని, తెలుసుకోండి.