రాత్రికి రాత్రే కరెంటు ఎటు పోతోంది?

మన పత్రికకి కవితలూ కథలూ పంపేవాళ్ళకి కొదవ లేదు. కారు బ్యాటరీ మీద రాస్తానంటే ఎడిటర్ అక్క ముందు నవ్వింది, తర్వాత "సీఎస్ఈ వాళ్ళకి కూడా అర్థమయ్యేలా రాస్తేనే వేస్తాను" అంది. కాబట్టి మెకానికల్, ఎలక్ట్రికల్ మిత్రులు అక్కడక్కడా ఓపిక పట్టాలి.

కారు మా చిన్నాన్నది. తగరపువలసలో అదే ఆయన బతుకుతెరువు. ఎయిర్‌పోర్టుకీ, కేజీహెచ్‌కీ, అప్పుడప్పుడు విజయనగరానికీ కిరాయిలు తిప్పుతాడు. ఆదివారం మాత్రం బండి ఇంటిముందే ఉంటుంది. ఏడాదిలో రెండు బ్యాటరీలు మార్చాడు, ఒక్కోటీ నాలుగైదు వేలు. రెండోది కొన్న ఐదో నెలలోనే సెల్ఫ్ కొడితే టకటకమని ఆగిపోవడం మొదలైంది. ఒక సోమవారం తెల్లారకముందు ఆసుపత్రికి వెళ్ళాల్సిన పేషెంటు వేరే బండి చూసుకున్నారు. కొన్న షాపులో అడిగితే "బ్యాటరీ బాగానే ఉంది, లోపం మీ బండిలో" అన్నారు. హైవే పక్క షెడ్డులో అడిగితే "డైనమో పోయింది, మార్చేద్దాం" అన్నారు. డైనమో అంటే మన పుస్తకాల్లో ఆల్టర్నేటరే. అది మార్చడమంటే బ్యాటరీ కంటే పెద్ద ఖర్చు.

"ఇంజినీరింగ్ సదువుతున్నావు కదేటి, ఎవుడు నిజం సెప్తన్నాడో నువ్వు సెప్పు" అన్నాడు చిన్నాన్న.

మేడమీద నీళ్ళ ట్యాంకు పొద్దున్నకి ఖాళీ అయిందనుకోండి. ట్యాంకుకే చిల్లు పడి ఉండాలి, లేదా మోటారు సరిగ్గా ఎక్కించి ఉండకూడదు, లేదా కింద ఎవరో కుళాయి కట్టకుండా వదిలేసి ఉండాలి. కారులోనూ అంతే. బ్యాటరీ తనే నిలుపుకోలేకపోవచ్చు, ఆల్టర్నేటర్ నింపకపోవచ్చు, బండి ఆగి ఉన్నప్పుడు ఏదో ఒకటి కరెంటు తాగుతూ ఉండొచ్చు. ఈ మూడింటినీ విడదీయకుండా బ్యాటరీ మార్చడమంటే, కుళాయి తెరిచే ఉంచి కొత్త ట్యాంకు కొనడం.

కొలవడానికి ముందు కాస్త లోపలి సంగతి. తిరుపతిలో తయారైనా, చెన్నైలో తయారైనా మామూలు కారు బ్యాటరీ సూత్రం 1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన సీసం-ఆమ్లం సూత్రమే. లోపల ఆరు సెల్లులు, ఒక్కోటీ సుమారు 2.1 వోల్టులు. అంటే నిండు బ్యాటరీ విశ్రాంతిలో ఉన్నప్పుడు 12.6 చూపాలి. 12.2 అంటే దాదాపు సగం. 12కి దిగిందంటే పావు వంతు మిగిలినట్టు. 10.5 దగ్గర ఆగిపోతే ఒక సెల్లు చచ్చిపోయిందని అనుమానించొచ్చు. ఇంజిన్ ఆపిన వెంటనే కొలిస్తే అంకె అబద్ధం చెబుతుంది, ప్లేట్ల పైపై ఛార్జి వల్ల ఎక్కువ కనబడుతుంది. కొన్ని గంటలు ఆగి కొలవాలి.

సోమవారం పొద్దున్న చిన్నాన్న బండి 12.1 చూపింది. పక్కింటి వాళ్ళ బండి నుంచి తీగలు తగిలించి స్టార్ట్ చేశాం. ఇంజిన్ నడుస్తుండగా 14.2. మామూలుగా 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే ఆల్టర్నేటర్ నింపుతున్నట్టే. (కొన్ని కొత్త కార్లలో కంప్యూటరే ఈ అంకెని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. వాటిలో ఒక్కసారి తక్కువ కనబడితే కంగారు పడక్కర్లేదు.) హెడ్‌లైట్లు, ఏసీ ఫ్యాన్ వేసినా 13.9 దగ్గర నిలబడింది. షెడ్డువాళ్ళ మాట అక్కడితో తేలిపోయింది.

ఇక బ్యాటరీయా, బండియా? దీనికి నాకు అన్నిటికంటే నచ్చిన పరీక్ష ఒకటుంది. ఒక స్పానర్, ఒక రాత్రి చాలు. బ్యాటరీని ఛార్జర్‌తో పూర్తిగా నింపి, కొన్ని గంటలు వదిలి, వోల్టేజి రాసుకోవాలి. తర్వాత నెగటివ్ తీగ ఊడదీసి అలా రాత్రంతా వదిలేయాలి. పొద్దున్నకి అంకె పడిపోతే దొంగ బ్యాటరీ లోపలే ఉన్నాడు. పడకపోతే, తీగ తగిలించి ఉంచినప్పుడు మాత్రమే పడుతుంటే, దొంగ బండిలో ఉన్నాడు. మా దాంట్లో తీగ లేకుండా 12.6 ఉన్నది 12.6గానే ఉంది.

ఊడదీసేటప్పుడు ఎప్పుడూ నెగటివ్ ముందు, తగిలించేటప్పుడు నెగటివ్ చివర. పాజిటివ్ ముందు విప్పితే స్పానర్ బాడీకి తగిలి నిప్పురవ్వ లేస్తుంది. ఛార్జింగప్పుడు వచ్చే హైడ్రోజన్ దగ్గర నిప్పురవ్వ సరదా కాదు.

బండి ఎంత తాగుతోందో చూడాలంటే మీటర్ని 10 ఆంపియర్ల కన్నంలోకి మార్చి, నెగటివ్ తీగకీ బ్యాటరీకీ మధ్య వరసలో పెట్టాలి. ఆ స్థితిలో పొరపాటున కూడా తాళం తిప్పొద్దు. సెల్ఫ్‌కి వందకు పైగా ఆంపియర్లు కావాలి, మీటర్ ఫ్యూజు ఎగిరిపోతుంది. ఇంకో చిక్కు, కార్లలో కంప్యూటర్లు వెంటనే నిద్రపోవు. అరగంట, ముప్పావు గంట ఆగాలి. ఫ్యూజుల పెట్టె కోసం డోరు తీస్తే మళ్ళీ లేస్తాయి. అందుకే డోరు తెరిచి, దాని గొళ్ళాన్ని స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూసి పెడితే, డోరు వేసే ఉందని బండి అనుకుంటుంది. తర్వాత మన పని చేసుకోవచ్చు.

నిద్రపోయిన కారు 0.02 నుంచి 0.05 ఆంపియర్లు తీసుకోవడం మామూలే. గడియారం, రిమోట్ లాక్ లాంటివాటికి అది కావాలి. ముప్పావు గంట తర్వాత చిన్నాన్న బండిలో 0.38 ఉంది.

0.38 అంటే మొదట నాకూ చిన్నదిగానే అనిపించింది. లెక్కేసి చూడండి. సెల్ఫ్ ఒకసారి కొట్టడానికి 150 ఆంపియర్లు మూడు సెకన్లు అనుకుంటే, 450 ఆంపియర్-సెకన్లు. అంటే 0.125 ఆంపియర్-అవర్, అంతే. సెల్ఫ్ కొట్టడం వల్లే బ్యాటరీ అయిపోతుందని అందరూ అంటారు కానీ, శనివారం రాత్రి ఎనిమిది నుంచి సోమవారం పొద్దున్న ఆరు వరకు 34 గంటలు, 0.38 చొప్పున దాదాపు 13 ఆంపియర్-అవర్లు. వందసార్లు సెల్ఫ్ కొట్టినంత! ఆయన బ్యాటరీ మొత్తం 35. ప్రతి సోమవారమే ఎందుకు మొరాయిస్తోందో అప్పుడు తెలిసింది. మిగతా రోజుల్లో పొద్దున్నే విశాఖ దాకా ముప్పై కిలోమీటర్లు తిరిగి నిండిపోతోంది కాబట్టి బయటపడలేదు. ఇలా వారం వారం లోతుగా ఖాళీ అయినప్పుడు ప్లేట్ల మీద సీసం సల్ఫేటు గట్టి పలుకులుగా పేరుకుంటుంది, తిరిగి కరగదు. రెండు కొత్త బ్యాటరీలు అంత తొందరగా ముసలివైపోయింది అందుకే.

ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోయాం. తొమ్మిదోది పీకగానే 0.38 కాస్తా 0.03 అయింది. అది పాటల సిస్టమ్ ఫ్యూజు. ఏడాది క్రితం చిన్నాన్న బయట బిగించిన పెద్ద స్క్రీను. అలాంటి సిస్టమ్‌కి పసుపు తీగ ఎప్పుడూ కరెంటు ఉండేచోట, ఎర్ర తీగ తాళం తిప్పితేనే కరెంటు వచ్చేచోట కలపాలి. బిగించినవాళ్ళెవరో రెండూ కలిపి ఒకేచోట చుట్టేశారు. స్క్రీను నల్లగా ఉన్నా లోపల మెలకువగానే ఉంటోంది.

"పాటలకి ఇంత ఖర్సేటి!" అన్నాడు చిన్నాన్న.

ఎర్ర తీగని విడదీసి సరైనచోట కలిపి, టేపు చుట్టడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఉన్న బ్యాటరీనే మళ్ళీ నింపి సెల్ఫ్ కొడుతుండగా కొలిస్తే 9.9 దాకా దిగింది. 9.6 కంటే తగ్గకూడదంటారు కాబట్టి ఇంకొన్నాళ్ళు పనికొస్తుంది, కొత్తదానిలా మాత్రం కాదు. పోయిన జీవం తిరిగి రాదు.

అన్ని ఫ్యూజులూ పీకినా కరెంటు పోతూనే ఉంటే ఆల్టర్నేటర్ని చూడాలి, దాని లావు తీగ సాధారణంగా ఆ చిన్న ఫ్యూజుల గుండా వెళ్ళదు. లోపల డయోడు పాడైతే పగలు నింపుతూనే రాత్రి వెనక్కి తాగేస్తుంది. ఇంజిన్ నడుస్తుండగా మీటర్ని ఏసీ వోల్టుల్లో పెట్టి బ్యాటరీ దగ్గర అర వోల్టు దాటి కనబడితే అనుమానం అటే. భీమిలి వైపు బళ్ళున్నవాళ్ళు ముందుగా టెర్మినళ్ళ మీద తెల్లటి, పచ్చటి పొడి, బాడీకి కలిపే ఎర్త్ తీగ తుప్పు చూసుకోండి. ఉప్పుగాలికి అవి తొందరగా పాడవుతాయి, అప్పుడు ఆల్టర్నేటర్ ఎంత ఇచ్చినా బ్యాటరీ దాకా పూర్తిగా చేరదు.

ఎవరికైనా మీటరు కావాలంటే హాస్టల్లో నా దగ్గరుంది. ఫ్యూజు ఎగరగొడితే కొత్తది తెచ్చిపెట్టాలి.