స్త్రీలు నడుపు టాక్సీలు: మన మూడు తాలూకాలకు ఒక పాఠము



చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో స్త్రీల పని అనగా ఒక తరము క్రితము వరకు ద్రాక్షతోట, పూల మార్కెట్టు, టమోటా మండీ, శిడ్లఘట్ట పట్టుగూళ్లు. ఇప్పుడు ఆ వరుసలో దేవనహళ్లి కూడ చేరినది. 2008 మే నెలలో అక్కడ విమానాశ్రయము తెరచిరి. 2025లో అదే తాలూకాలో ఫాక్స్‌కాన్ వారి ఫోన్ల కర్మాగారము పని మొదలుపెట్టినది. అక్కడి పనివారిలో ఎక్కువమంది స్త్రీలే. తెల్లవారుజామున నాలుగింటికే ఇల్లు విడుచు అమ్మాయిలు, రాత్రి షిఫ్టు ముగించి వచ్చు కోడళ్లు ఇప్పుడు మన వీధులలో కొత్త కాదు.

పగటివేళ బస్సు ఉన్నది. 2023 జూన్ 11న శక్తి పథకము వచ్చినప్పటి నుండి కర్ణాటక స్త్రీలు సాధారణ ప్రభుత్వ బస్సులలో టిక్కెట్టుకు డబ్బు ఇయ్యకుండ ప్రయాణించుచున్నారు. ఇది చిన్న మేలు కాదు. అయితే బస్సు హైవే మీద దింపును. అక్కడి నుండి ఊరిలోని ఇంటికి రెండు మూడు కిలోమీటర్లు చీకటిలో నడవవలెను, లేదా ఎవరి ఆటోయో ఎక్కవలెను. అన్ననో తమ్ముడినో బండితో రమ్మని పిలుచుకొనగలిగినవారు పిలుచుకొందురు. పిలుచుకొనుటకు ఎవరును లేనివారు పని మానుకొందురు. వచ్చిన ఉద్యోగము ఈ కొద్ది దూరము కొరకు వదలుకొన్న ఇండ్లు మన మధ్యనే ఉన్నవి. అందుచేత స్త్రీ ప్రయాణికుల కొరకు స్త్రీలే నడుపు టాక్సీల గూర్చి ఈ నెల పాఠములో ఆలోచింతము.

ఇటువంటి సంస్థను సాంఘిక వ్యాపారము అందురు. అనగా ధర్మసత్రము కాదు, లాభమే గురిగా పెట్టుకొన్న కంపెనీయు కాదు. బాడుగ తీసికొనును, జీతము ఇచ్చును, మిగిలినది మరికొందరికి పని నేర్పుటకు వాడును. మన దేశములో ఈ ప్రయత్నము కొత్తది కాదు. 2007లో ముంబాయిలో రేవతీ రాయ్ అను ఆమె ఫర్‌షీ అను టాక్సీ సేవను ప్రారంభించెను. 2008లో ఢిల్లీలో మీనూ వడేరా ఆజాద్ ఫౌండేషన్ స్థాపించిరి. అక్కడ నేర్చినవారికి పని చూపు సోదర సంస్థ పేరు సఖా. 2013 నవంబరులో కేరళ ప్రభుత్వపు జెండర్ పార్క్ తిరువనంతపురములో షీ టాక్సీని, 2015లో తెలంగాణ ప్రభుత్వము హైదరాబాదులో షీ క్యాబ్‌లను ప్రారంభించినవి. మనకు అన్నిటికంటె దగ్గరిది దేవనహళ్లిలోనే జరిగినది. 2019 జనవరిలో కర్ణాటక పర్యాటక సంస్థ విమానాశ్రయములో స్త్రీలు నడుపు పది కార్లను నిలిపినది.

ఇన్ని చోట్ల ఇంత భయము ఎందుకు పుట్టెనని అడుగు పిల్లలకు జరిగిన సంగతి చెప్పవలెను. 2005 డిసెంబరులో బెంగళూరులో ఒక కాల్ సెంటరు ఉద్యోగిని రాత్రి షిఫ్టుకని వచ్చిన కారు ఎక్కి హత్యకు గురైనది. ఆ కారు తెచ్చినవాడు ఆ రాత్రి రావలసిన డ్రైవరు కాడు. ఆ తరువాత కంపెనీలు స్త్రీలను దింపు కార్లలో కావలివారిని పెట్టుట, డ్రైవర్ల వివరములు వెదకుట మొదలుపెట్టినవి.

మన భాష మాటలాడు ఒకామె చరిత్ర ఇక్కడ చెప్పదగియున్నది. వి. సరిత నల్గొండ ప్రాంతములోని సంస్థాన్ నారాయణపురము దగ్గర ఒక లంబాడా తండాలో పుట్టెను. ఇంట అందరు ఆడపిల్లలే. బ్రతుకుతెరువు కొరకు ఆటో నడిపెను. తరువాత ఢిల్లీకి పోయి ఆజాద్ ఫౌండేషన్ సహాయముతో పెద్ద బండ్లవైపు తిరిగెను. 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో మొదటి మహిళా బస్సు డ్రైవరు అయ్యెను. పది సంవత్సరములు అక్కడ పనిచేసి, 2025 జూన్‌లో స్వరాష్ట్రమునకు తిరిగివచ్చి, తెలంగాణ ఆర్టీసీలో తొలి మహిళా డ్రైవరుగా చేరెను. పరదేశములో నేర్చిన పని సొంత ఊరికి పనికివచ్చుట వలస వచ్చిన మనకు తెలియని సంగతి కాదు.

అయితే ఈ సేవలలో చాలవరకు నిలద్రొక్కుకొనుటకు కష్టపడినవని కూడ ఒప్పుకొనవలెను. షీ టాక్సీని 2020లో మరల కొత్తగా ప్రారంభించవలసి వచ్చినది. రేవతీ రాయ్ 2016 నాటికి టాక్సీలను విడిచి, స్త్రీలచేత ద్విచక్ర వాహనములపై సరుకులు చేరవేయించు హే దీదీ అను సంస్థ వైపు మళ్లెను. 2025 ఏప్రిల్‌లో బ్లూస్మార్ట్ కంపెనీ తన కార్లను ఒక్కసారిగా నిలిపివేసినప్పుడు ఢిల్లీలోను బెంగళూరులోను డ్రైవర్లు రోడ్డున పడిరి. వారిలో స్త్రీలును ఉండిరి. స్త్రీలు బాగుగా నడపలేకనే ఇట్లు జరిగెనని కొందరు అందురు. మేము దానిని అంగీకరింపము. నడుపుట వచ్చును. రానిది రోజూ తప్పక ఎక్కు ప్రయాణికులు. కారుకు గులాబి రంగు పూసి, మంత్రిచేత జెండా ఊపించి, ఫోను మోగునని కూర్చున్న చోట కంతు కట్టు తేది మాత్రము తప్పక వచ్చును.

ఒక లెక్క వేసి చూడుడి. అంకెలు మేము ఊహించినవే గాని, లెక్క తీరు నిజమైనది. కారు కొరకు 5,50,000 రూపాయలు నూటికి పదిన్నర వడ్డీతో అయిదేండ్లకు అప్పు తీసికొన్నచో నెలకు సుమారు 11,800 కంతు. చిక్కబళ్లాపురము నుండి పని స్థలమునకు 30 కిలోమీటర్లు అనుకొందము. ఉదయము దింపి ఖాళీగా తిరిగివచ్చి, సాయంకాలము ఖాళీగా పోయి తీసికొనివచ్చినచో రోజుకు 120, ఇరువది ఆరు రోజులకు 3,120 కిలోమీటర్లు. కిలోమీటరుకు 4 రూపాయల ఇంధనమైతే 12,480. రెండును కలిసి 24,280. కారులో పట్టు నలుగురు తలకొక 3,000 ఇచ్చినచో వచ్చునది 12,000. సగము కూడ కాలేదు. పగటి షిఫ్టువారిని దింపి అదే ట్రిప్పులో రాత్రి షిఫ్టువారిని ఎక్కించుకొని వచ్చినచో, ఖాళీ ట్రిప్పు లేక, ఎనమండుగురి వలన 24,000 వచ్చును. అప్పటికిని డ్రైవరమ్మకు జీతము లేదు, ఇన్సూరెన్సు లేదు, టైర్లు లేవు. ఎనమండుగురికి తలకొక 4,500 చొప్పున 36,000 వచ్చినప్పుడే ఆమె చేతికి పదకొండు వేల పైచిలుకు మిగులును.

మన అమ్మాయిలు తమ జీతములో నుండి 4,500 పెట్టలేరు. కనుక ఆ డబ్బు పని ఇచ్చువాని యొద్దనుండి రావలెను. ఇది భిక్ష అడుగుట కాదు. 2023లో కర్ణాటకలో ఫ్యాక్టరీల చట్టమును సవరించి స్త్రీలకు రాత్రి 7 నుండి ఉదయము 6 వరకు పనిచేయుటకు అనుమతి ఇచ్చినప్పుడు, రాకపోకలకు వాహనము యజమాని చూడవలెనని షరతు పెట్టిరి. 2025 నవంబరు 21న అమలునకు వచ్చిన కేంద్ర కార్మిక స్మృతి కూడ స్త్రీ సమ్మతి, ఆమె భద్రత అను షరతుల మీదనే రాత్రి పనిని ఒప్పుకొనుచున్నది. నెలవారీ ఒప్పందముతో ఒక షిఫ్టును ఒప్పుకొన్న రెండు కార్లు, పిలుపు కొరకు ఎదురుచూచు పది కార్లకంటె ఎక్కువ కాలము నిలుచునని మా తలంపు. బ్లూస్మార్ట్ సంగతి గుర్తున్నవారు ఒకే కంపెనీ మీద ఆనుకొనరు. ఒక ఆసుపత్రి, ఒక కాలేజీ కూడ ఒప్పందములో ఉండవలెను. ఈ విషయములో చింతామణివారి కంటె హైవే మీదనున్న చిక్కబళ్లాపురము వారికి పని సులువు. రైలు లేని బాగేపల్లివారికి అవసరము ఎక్కువ, దూరమును ఎక్కువ. అక్కడ ఊరిలోపలి ప్రయాణములతో మొదలుపెట్టుట మేలు.

ఇక నేర్చుకొనుట. కారు లైసెన్సుకు 18 ఏండ్లు, టాక్సీ నడుపుటకు 20 ఏండ్లు నిండవలెను. ఎల్.ఎల్.ఆర్. తీసికొన్న 30 దినముల తరువాతనే పరీక్షకు పోవచ్చును. టాక్సీ డ్రైవరుకు ఎనిమిదవ తరగతి చదువు ఉండవలెనను నియమమును 2019లో తీసివేసిరి. ఐదవ తరగతితో ఆగిన మన స్త్రీలకు ఇది తెరచిన తలుపు. పూర్వము కారు లైసెన్సు వచ్చిన ఏడాది తరువాత బ్యాడ్జి కొరకు మరల తిరుగవలసియుండెను. 7,500 కిలోల లోపు టాక్సీకి మామూలు కారు లైసెన్సే చాలునని సుప్రీంకోర్టు 2017లో చెప్పి, 2024 నవంబరులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము దానిని స్థిరపరచెను. అయితే తెల్ల బోర్డు కారును బాడుగకు త్రిప్పరాదు. ప్రమాదము జరిగినచో ఇన్సూరెన్సు కంపెనీ చేయి దులుపుకొనును. పసుపు బోర్డు, పర్మిట్టు, జీపీఎస్, ఆపదలో నొక్కు మీట ఉండవలెను. 112 నంబరు సీటు వెనుక వ్రాసి అంటించవలెను.

డ్రైవింగు స్కూలువారు నెల రోజులలో నేర్పుదురు. అది పరీక్షకు చాలును, రాత్రి హైవేకు చాలదు. ఆజాద్ ఫౌండేషన్‌లో నెలల తరబడి నేర్పుటకు కారణమిదే. బండితో పాటు దారులు, చట్టము, ఆత్మరక్షణ, ప్రయాణికులతో మాటలాడు తీరు కూడ నేర్పుదురు. టైరు పంక్చరైనప్పుడు స్టెప్నీ మార్చుట రాని డ్రైవరును, ఆడదైనను మగవాడైనను, రాత్రి పంపరాదు. మరుగుదొడ్డి సంగతి చెప్పుటకు సిగ్గుపడనక్కరలేదు. ఏ పెట్రోలు బంకులో శుభ్రమైన దొడ్డి రాత్రియు తెరచియుండునో ముందే చూచుకొనని కారణముచేత నీళ్లు త్రాగక ఎనిమిది గంటలు నడుపు స్త్రీలున్నారు. అది రోగమునకు దారి.

అన్నిటికంటె కష్టమైన అనుమతి ఆర్టీవో ఆఫీసులో లేదు, ఇంటిలో ఉన్నది. "కోడలు రాత్రిపూట కారు తీసికొని పోతే నలుగురు ఏమందురు" అను అత్తగారు మంచిదే, ప్రేమతోనే అడుగుచున్నది. ఆమెను వాదించి గెలువలేము. ఆ కోడలు నడుపు కారులో ఒకసారి ఆమెనే కూర్చుండబెట్టి ఆసుపత్రికి తీసికొనిపోయిన చోట మాటలు మారినవి. భర్తలకు ఒక మాట. ఆమె తెల్లవారుజామున వచ్చి నిద్రించు వేళ బిడ్డలకు టిఫిను ఎవరు పెట్టుదురో ముందే మాటలాడుకొనక మొదలుపెట్టిన పని మూడు నెలలు దాటదు.

కావున ఏ సంఘమైనను కారు కొనుటకు ముందు ఒక నోటుపుస్తకము కొనవలెనని మా సలహా. మీ ఊరిలో సాయంకాలము ఏడు దాటిన తరువాతను, ఉదయము ఆరు కాకమునుపును ప్రయాణించు స్త్రీలెందరు, ఎక్కడ ఎక్కుదురు, ఎక్కడ దిగుదురు, ఇప్పుడు నెలకు ఎంత ఇచ్చుచున్నారు, వారి పని స్థలము వారు వాహనమునకు ఏమైన ఇచ్చుచున్నారా అని ఇల్లిల్లు తిరిగి వ్రాయుడి. నేర్చుకొనగోరు ఇరువది ఏండ్లు నిండిన స్త్రీల పేర్లు వేరొక పుటలో వ్రాయుడి. మూడు నెలలు వ్రాసినచో ఒక కారుకు పని ఉన్నదో లేదో ఆ పుటలే చెప్పును. లేదని తేలినచో అప్పు చేయకుడి. పేరు వ్రాయించుకొన్న స్త్రీలను మాత్రము డ్రైవింగు స్కూలుకు పంపుడి.